పడటం నేర్పే చిన్న కొండ



మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద అవతలి గట్టు కనపడకుండా కమ్మేదీ మంచే. పొలం గట్టున గడ్డి మీద బొట్లు బొట్లుగా నిలిచేదీ మంచే. హిమాలయాల్లో మోకాలి లోతున పడేదీ మంచే. మొదటి రెండూ మన పిల్లలకు తెలుసు. మూడోది చూపించమని మాత్రం మన ప్రాణం తీస్తుంటారు. సినిమా పాటల్లో చూస్తారు, సెలవులకు వెళ్ళొచ్చిన క్లాస్‌మేట్ ఫోటోల్లో చూస్తారు, ఇంటికొచ్చి "మనమెప్పుడు వెళ్తాం?" అని అడుగుతారు.

వచ్చే సెలవుల్లో ఎక్కడికి వెళ్ళాలా అని మీరూ ఆలోచిస్తూనే ఉంటారు. రెండుసార్లు మంచు కొండలకు వెళ్ళొచ్చిన తల్లిగా నా అభిప్రాయం మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను. ఒక్క మాటలో చెప్పాలంటే ఇదీ: పిల్లలకు మంచు చూపించడానికి వెళ్ళకండి, మంచు మీద ఏదో ఒకటి నేర్చుకోవడానికి వెళ్ళండి. దానికి పెద్ద పేరున్న చోటు అక్కర్లేదు. చిన్న వాలు, నాలుగు రోజుల తీరిక ఉంటే చాలు.

మొదటిసారి: ఏడు రోజులు, ఐదు ఊళ్ళు

మా బాబు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వేసవి సెలవుల్లో సిమ్లా, కులు, మనాలి ప్యాకేజీ తీసుకున్నాం. అది ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. తెల్లవారుజామున లేపడం, ఇడ్లీ కోసం వెతుక్కోవడం, బండెక్కడం, వాంతులు, దిగడం, ఫోటో, మళ్ళీ బండెక్కడం. మంచు చూపించే రోజున దారి పక్కన కొట్టులో అందరికీ అద్దె కోట్లు, రబ్బరు బూట్లు ఇచ్చారు. గంటల తరబడి ట్రాఫిక్‌లో కూర్చుని పైకి వెళ్తే, మే నెల కాబట్టి అక్కడక్కడా మురికిపట్టిన మంచు గుట్టలు ఉన్నాయి. ముప్పావు గంట సమయం ఇచ్చారు. పిల్లలు మంచు ముద్దలు విసురుకున్నారు, మేము ఫోటోలు తీశాం, డ్రైవర్ హారన్ కొట్టాడు. అంతే.

ఆ ట్రిప్పుని తప్పుపట్టడం లేదు. అందరం సంతోషంగానే తిరిగొచ్చాం. కానీ ఆరు నెలల తర్వాత మా వాణ్ణి "మనాలిలో ఏం గుర్తుంది?" అని అడిగితే, "బస్సు" అన్నాడు.

రెండోసారి: ఒకే ఊరు, ఐదు రోజులు

మూడేళ్ళ తర్వాత, బాబు ఏడో తరగతి, పాప నాలుగో తరగతి. ఈసారి సంక్రాంతి సెలవుల్లో ఔలి వెళ్ళాం. ఉత్తరాఖండ్‌లో జోషిమఠ్ పైన ఉండే చిన్న చోటు అది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చార్‌ధామ్ యాత్ర చేసి ఉంటే జోషిమఠ్ మీదుగానే బదరీనాథ్ వెళ్ళి ఉంటారు. చలికాలంలో బదరీనాథ్ గుడి మూసేశాక స్వామికి పూజలు జోషిమఠ్ నరసింహస్వామి ఆలయంలోనూ జరుగుతాయి. యాత్రికులు లేని ఆ నెలల్లో ఔలి వాలు మీద మంచు పడుతుంది. ఆంజనేయస్వామి సంజీవని కోసం వెళ్తూ ఔలిలోనే కాసేపు ఆగాడని అక్కడివాళ్ళు చెప్తారు. ఆ పేరుతో ఒక గుడి కూడా ఉంది.

ప్రయాణం తేలిక కాదు, ముందే చెప్తున్నాను. గన్నవరం నుంచి ఢిల్లీకి విమానం, అక్కణ్ణుంచి హరిద్వార్‌కు రాత్రి రైలు, మర్నాడు కొండదారిలో సుమారు 275 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే చీకటిపడే వేళకు జోషిమఠ్ చేరాం. దారిలో దేవప్రయాగ దగ్గర ఆగాం. భాగీరథి, అలకనంద కలిసి అక్కణ్ణుంచే గంగ అవుతుంది. రెండు రంగుల నీళ్ళు పక్కపక్కనే వస్తుంటే, "మన ఇబ్రహీంపట్నం దగ్గర గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసినట్టా?" అని పాప అడిగింది. పవిత్ర సంగమానికి స్కూల్ వాళ్ళు తీసుకెళ్ళింది గుర్తున్నందుకు సంతోషించాను.

ఔలి సముద్ర మట్టానికి సుమారు 2,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన విజయవాడ పాతిక మీటర్లు కూడా ఉండదు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు డెహ్రాడూన్‌తో పాటు ఇక్కడే జరిగాయి. అయినా చోటు మాత్రం చిన్నదే. కొన్ని హోటళ్ళు, కొన్ని టీ కొట్లు, సైన్యం వాళ్ళ శిక్షణ స్థలం, ఒక వాలు.

మా అదృష్టం ఏమిటంటే, ఆ ఏడాది మంచు సరిగా పడలేదు. అదృష్టం అని ఎందుకన్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. పెద్ద వాలులో చాలా భాగం మట్టి కనపడుతోంది. పైన ఒక మూల, నీడ పట్టున మాత్రం మన స్కూల్ గ్రౌండ్ అంత మేర మంచు నిలిచింది. స్కీయింగ్ నేర్పే కుర్రాడు అది చూపించి, కొత్తవాళ్ళకు ఇది చాలు, ఇంతకంటే ఎక్కువైతే భయం అన్నాడు. ఐదు రోజులూ మేము ఆ ముక్క మీదే గడిపాం.

మొదటి పాఠం

స్కీయింగ్ మొదటి పాఠం జారడం అనుకున్నాను. కాదు, పడటం. వేగం పెరిగి భయం వేస్తే వెనక్కి కూర్చోకూడదు, పక్కకు ఒరిగిపోవాలి. పడ్డాక కంగారుపడి లేవకూడదు. ముందు స్కీ పలకలు రెండింటినీ వాలుకి అడ్డంగా తెచ్చుకోవాలి, లేకపోతే లేచీ లేవగానే మళ్ళీ జారిపోతాం. అప్పుడు చేత్తో నేలను నెట్టి లేవాలి. ఆ కుర్రాడు మాతో మొదట కావాలనే పది పదిహేనుసార్లు పడేయించాడు. రెండో పాఠం ఆగడం. పలకల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. పైనుంచి చూస్తే పిజ్జా ముక్కలా ఉంటుంది కాబట్టి పిల్లలకు "పిజ్జా, పిజ్జా" అని అరిచి గుర్తుచేస్తాడు. మూడో పాఠం ఎక్కడం. అక్కడ మమ్మల్ని పైకి లాగే యంత్రం ఏదీ లేదు. పక్కకు తిరిగి, పీతలా ఒక్కో అడుగూ వేస్తూ పది నిమిషాలు ఎక్కితే, పది సెకన్లు జారొచ్చు.

మా పాప మొదటి రోజే దుమ్ము దులుపుకున్నట్టు మంచు దులుపుకుంటూ పడింది, లేచింది. బాబు మాత్రం బూట్లు వేసుకుని పక్కన నిలబడిపోయాడు. "నాకు రాదు" అన్నాడు. ఇంకా ప్రయత్నించనే లేదు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా వాడు బాగా చదువుతాడు. అందుకే వచ్చింది చిక్కు. తనకు బాగా వచ్చిన పనులే చేస్తాడు. ఈతకు పంపితే మొదటి రోజే మానేశాడు. పక్క ఫ్లాట్ పిల్లలు చెస్‌లో ఓడిస్తున్నారని చెస్ మానేశాడు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే పేపర్ బ్యాగు అడుగున పెడతాడు. నేను అడిగినప్పుడు కాదు, ఫోన్‌కి మెసేజ్ వచ్చాక బయటపడుతుంది. ఇది వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చాలాసార్లు అనుకున్నాను. ఆ మెసేజ్ రాగానే నా మొహం ఎలా మారుతుందో వాడు ఏళ్ళుగా చూస్తున్నాడని మాత్రం అనుకోలేదు.

రెండో రోజు మా వారు, నేను కూడా స్కీలు కట్టుకున్నాం. నలభై దాటిన వయసులో, అద్దెకు తెచ్చిన ప్యాంటు వేసుకుని, పిల్లల ముందు నేను పడిన పాట్లు రాయడానికి సిగ్గుగానే ఉంది. ఎక్కేటప్పుడు పడ్డాను, నిలబడి పడ్డాను, పడ్డదాన్ని లేవబోతూ మళ్ళీ పడ్డాను. మా వారు నన్ను లేపడానికొచ్చి ఆయనా పడ్డారు. పాప విరగబడి నవ్వింది. కాసేపటికి బాబు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి, "అమ్మా, పలకలు అడ్డంగా పెట్టుకో, అప్పుడు లేవొచ్చు" అన్నాడు. ముందు రోజు పక్కన నిలబడే పాఠం మొత్తం విన్నాడన్నమాట.

ఆ మధ్యాహ్నం వాడే వచ్చి స్కీలు కట్టమన్నాడు. ఎన్నిసార్లు పడ్డాడో మేము లెక్కపెట్టలేదు. నాలుగో రోజు సాయంత్రానికి, పై నుంచి కింద దాకా, పిజ్జా ముక్క చెదరకుండా, ఒక్కడే దిగాడు. ఆ దూరం మన స్కూల్ గ్రౌండ్ అంతే. కానీ వాడి మొహం చూసి ఉండాల్సింది.

చిన్న చోటు ఏమిస్తుంది?

తిరిగొచ్చాక ఆలోచిస్తే, ఆ ఐదు రోజులూ అంత బాగుండటానికి కారణం మంచు మాత్రమే కాదు, ఆ చోటు చిన్నది కావడం అనిపించింది.

మొదటిది, వాలు మొత్తం ఒక్క చూపులో కనపడుతుంది. అమ్మానాన్నలు టీ కొట్టు దగ్గర కూర్చుంటే పిల్లలు కళ్ళ ముందే ఉంటారు. అందుకే వాళ్ళను ఒంటరిగా వదిలే ధైర్యం మనకు వస్తుంది. వ్యాన్ ఎక్కడ దాకా వచ్చిందో కూడా ఫోన్‌లో చూసుకునే రోజుల్లో, పిల్లల్ని కాసేపు వాళ్ళ మానాన వదలడం మనకే కష్టం.

రెండోది, అక్కడి మనుషులకు మనం రెండో రోజుకే తెలిసిపోతాం. నేర్పే కుర్రాడికి పిల్లల పేర్లు, వాళ్ళ భయాలు తెలిశాయి. టీ కొట్టు ఆవిడకు మా పాప మ్యాగీలో కారం వద్దంటుందని తెలిసింది. రోజుకో ఊరు మారితే ఈ పరిచయం దొరకదు.

మూడోది, నిన్నటి పని ఈ రోజు కొనసాగుతుంది. నేర్చుకోవడం అంటే అదే కదా. నిన్న పడిన చోటే ఈ రోజు నిలబడితే తాను ఎదిగానని పిల్లలకే అర్థమవుతుంది. ఎవరూ మార్కు వేయక్కర్లేదు.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది. అక్కడ తల్లీ తండ్రీ కూడా కొత్తవాళ్ళే. మన పిల్లలు మనల్ని ఎప్పుడూ అన్నీ వచ్చినవాళ్ళుగానే చూస్తారు. లెక్క మనకు వచ్చు, బండి మనం నడుపుతాం, బిల్లు మనం కడతాం. రాని పని ముందు మనమూ తడబడతామని, నవ్వుకుంటామని, మళ్ళీ మొదలుపెడతామని వాళ్ళు చూసే సందర్భాలు ఎన్ని?

ఆల్ప్స్ పర్వతాల్లో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల చిన్న ఊళ్ళు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాయి. అలాంటి ఊళ్ళలో కొత్త పిల్లల కోసం దాదాపు బల్లపరుపుగా ఉండే వాలు ఒకటి విడిగా ఉంచుతారు. మన ఎయిర్‌పోర్టులో లగేజీ కదిలే బెల్టు లాంటిది పిల్లల్ని మెల్లగా పైకి చేరుస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలకు కూడా క్లాసులు ఉంటాయి. వాలు ఎంత కష్టమో రంగు గుర్తులతో చెప్తారు. నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు బాగా వచ్చినవాళ్ళకు మాత్రమే. స్విట్జర్లాండ్‌లో వెంగెన్, ముర్రెన్ లాంటి ఊళ్ళలోకి కార్లే రావు. పిల్లలు రోడ్డు మీద స్లెడ్జి లాక్కుంటూ తిరగొచ్చు. చాలా కుటుంబాలు ఏటేటా అదే ఊరికి వెళ్తాయి. ఆస్ట్రియాలో స్కూళ్ళే పిల్లల్ని క్లాసు మొత్తంగా వారం రోజులు స్కీ కోర్సుకు తీసుకెళ్ళే ఆనవాయితీ ఉంది. ఆ చివరి మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

మన దేశంలోనూ పెద్ద ఆటగాళ్ళు తమ ఇంటి దగ్గరి వాలుల నుంచే వచ్చారు. 2018లో టర్కీలో జరిగిన అంతర్జాతీయ పోటీలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో మన దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ మనాలి అమ్మాయి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పాల్గొన్న ఒకే ఒక్కడు ఆరిఫ్ ఖాన్ గుల్‌మార్గ్ దగ్గర పెరిగినవాడు.

మీరు అడగబోయే ప్రశ్నలు

ఖర్చు మాటేమిటి? తక్కువేమీ కాదు. ఒకే చోట ఉండటం వల్ల రోజూ బండి ఖర్చు, టిక్కెట్ల ఖర్చు మిగిలాయి, విమానం ఖర్చు మిగల్లేదు. అప్పుచేసి వెళ్ళేంత అవసరం మాత్రం ఎవరికీ లేదు. వెళ్ళలేకపోతే పిల్లలకు ఏదో లోటు చేశామని బాధపడాల్సిన పని అంతకంటే లేదు.

సంక్రాంతి వదులుకోవాలా? ఇది నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. మా అత్తగారిది చల్లపల్లి దగ్గర ఊరు. ఆ ఏడాది భోగి మంట దగ్గర మనవలు లేరు. గొబ్బెమ్మలు పెట్టడానికి పాప లేదు. అరిసెలు మాత్రం డబ్బాలో దాచి ఉంచారు. ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. హిమాలయాల్లో మంచు ఉండేది జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా, మనకు సెలవులు దొరికేది సంక్రాంతికి. ఈ రెండూ కలవడమే చిక్కు. నా అభిప్రాయం అడిగితే, పిల్లల చిన్నతనంలో ఒక్కసారికి సరే, ఏటా వద్దు. తాతయ్య, నానమ్మ ఉన్న సంక్రాంతులు కూడా లెక్కబెట్టినన్నే ఉంటాయి.

మంచు గ్యారంటీయేనా? కాదు. మంచు చాలక ఔలిలో జాతీయ పోటీలే ఆగిపోయిన సంవత్సరాలున్నాయి. చలికాలాలు మారుతున్నాయి. ఇంకో విషయం కూడా తెలియాలి. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగి వందల ఇళ్ళు బీటలు వారాయి. ఎన్నో కుటుంబాలు ఇళ్ళు వదిలి వెళ్ళాయి. జోషిమఠ్ నుంచి ఔలికి వెళ్ళే సుమారు 4 కిలోమీటర్ల రోప్‌వేని అప్పుడే ఆపేశారు. మేము రోడ్డు మీదే పైకి వెళ్ళాం. దారిలో గోడలకు ఆ బీటలు పిల్లలకు చూపించాం. కొండ మోయగలిగినంతే మోస్తుంది. అక్కడికి వెళ్ళే మనం కూడా ఆ బరువులో భాగమే. అందుకే చిన్న గదులు, తక్కువ బండ్లు, మన చెత్త మనమే కిందికి తెచ్చుకోవడం. ఇవి మర్యాద కోసం కాదు, అవసరం.

దెబ్బలు తగలవా? తగలొచ్చు. హెల్మెట్ లేకుండా స్కీలు కట్టనివ్వకండి, శిక్షకుడు లేకుండా వాలు ఎక్కనివ్వకండి. అంత ఎత్తులో మొదటి రోజు పిల్లల్ని పరిగెత్తించకండి, విశ్రాంతి ఇవ్వండి, నీళ్ళు బాగా తాగించండి. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే మొండికేయకుండా కిందికి దిగిపోవాలి. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లలను ముందే డాక్టరుకి చూపించండి. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒళ్ళు గడ్డకట్టిస్తాయి. లోపల ఉన్ని, పైన నీరు పట్టని కోటు కావాలి. నల్ల కళ్ళద్దాలు ఫ్యాషన్ కోసం కాదు, మంచు మీద ఎండ కళ్ళు మండిస్తుంది. పెదాలకు వాసెలిన్ మరిచిపోకండి. గోంగూర పచ్చడి సీసా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

మంచు లేకపోయినా

ఇప్పుడు అసలు విషయం. నేను చెప్పిన నాలుగు లాభాల్లో మంచుతో పని లేనివే ఎక్కువ. చిన్న చోటు, నాలుగు రోజులు, కొత్తగా నేర్చుకునే ఒక పని, పిల్లలతో పాటు కొత్తవాళ్ళైన తల్లిదండ్రులు. ఇవి మనకు దగ్గర్లోనూ దొరుకుతాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటారు. సుమారు 1,000 మీటర్ల ఎత్తు. చలికాలంలో వేడి సున్నాకి దగ్గరగా పడిపోతుంది. అక్కడ కనపడేది ఎక్కువగా దట్టమైన పొగమంచు, తెల్లవారుజామున గడ్డి మీద పేరుకునే నూగుమంచు. స్కీయింగ్ కుదరదు. కానీ విజయవాడలో రాత్రి రైలెక్కి నర్సీపట్నం రోడ్డులో దిగితే పొద్దున్నే కొండ ఎక్కొచ్చు. ఒక్క రాత్రి ఉండి వ్యూ పాయింట్ దగ్గర ఫోటో దిగి రావడానికి బదులు, మూడు రోజులు ఉండి చూడండి. కాఫీ తోటలో పండు కోయడం, ఎండబెట్టడం పిల్లల చేత చేయించండి. చీకట్లో నక్షత్రాలు గుర్తుపట్టడం మీరూ వాళ్ళతో పాటు నేర్చుకోండి. అదీ కుదరకపోతే, ఈ సెలవుల్లో మీకు రాని పని ఒకటి మీ పిల్లలతో పాటు మొదలుపెట్టండి. ఈత కావచ్చు, వీణ కావచ్చు, సైకిల్ కావచ్చు. ఎవరు ముందు నేర్చుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

మంచు అనగానే గుర్తురావాల్సిన మన పిల్లలు ఇద్దరున్నారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పధ్నాలుగేళ్ళు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఒకరిది నిజామాబాద్ జిల్లా, ఇంకొకరిది ఖమ్మం జిల్లా. పుట్టి పెరిగిన చోట మంచు లేదు, ఇంట్లో డబ్బు లేదు. వాళ్ళు మొదట ఎక్కింది హిమాలయం కాదు, భువనగిరి కోట ఉన్న రాతి గుట్ట. అక్కడ జారడం, పట్టుకోవడం, మళ్ళీ ఎక్కడం నేర్చుకున్నాకే డార్జిలింగ్ వెళ్ళారు. మనం కట్టే ఫీజులతో వచ్చేది కాదు అది. చిన్న గుట్ట మీద, ఓపికగా, పడుతూ నేర్చుకున్నది.

అందుకే మన స్కూల్ యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. ప్రతి ఏడాదీ పిల్లల్ని ఒక రోజు విహారయాత్రకు తీసుకెళ్తున్నారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి చూపించి రాత్రికి తెచ్చి దింపుతున్నారు. దానికి బదులు, ఆస్ట్రియా స్కూళ్ళలా, ఒక్క క్లాసునైనా మూడు రోజులు ఒకే చోట ఉంచి ఒకే పని నేర్పే క్యాంపు పెట్టి చూడండి. కొండ ఎక్కడమో, పడవ తెడ్డు వేయడమో ఏదైనా సరే. ఒక్క షరతు, దానికి మార్కులు వద్దు, ర్యాంకులు వద్దు, స్టేజీ మీద బహుమతులు వద్దు. తల్లిదండ్రుల్లో ఇష్టమున్నవాళ్ళని కూడా రమ్మనండి. మేమూ పడతాం.

ఔలి నుంచి వచ్చిన రెండు వారాలకు మా వాడికి ఫిజిక్స్ టెస్టులో మార్కులు తగ్గాయి. ఫోన్‌కి మెసేజ్ ఇంకా రాలేదు. సాయంత్రం బ్యాగు దింపుతూనే పేపర్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. "అమ్మా, ఈ చాప్టర్‌లో పడ్డాను" అన్నాడు. నేను నా మొహాన్ని అదుపులో పెట్టుకున్నాను. అది నాకు స్కీయింగ్ కంటే కష్టమైంది. "సరే, ముందు పలకలు అడ్డంగా పెట్టుకుందాం" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత కూర్చుని ఏ లెక్క దగ్గర జారాడో చూశాం.

అన్నీ మారిపోయాయని చెప్పను. ఇప్పటికీ ఓడిపోతానేమోనని తప్పుకునే రోజులున్నాయి, నా మొహం మారే రోజులూ ఉన్నాయి. కానీ మా ఇంట్లో పడటం అనే మాట ఇప్పుడు తిట్టు కాదు, దాచుకోవాల్సిన సంగతీ కాదు.

వచ్చే సెలవులకు టిక్కెట్లు బుక్ చేసేముందు మీ పిల్లల్ని "ఏం చూడాలనుంది?" అని కాకుండా, "మనందరికీ రాని పని ఏది నేర్చుకుందాం?" అని అడిగి చూడండి. వాళ్ళేం చెప్పారో వచ్చే నెల సంచికకు రాయండి. చదవాలని ఉంది.